అడవిపందుల తరఫున వన్నూరప్ప

ముద్దలకుంట వన్నూరప్పకు అడవిపందుల తరఫున మాట్లాడే పదవి వచ్చింది అతని నోటిదూల వల్లే. పందుల మీద ప్రేమ వల్ల మాత్రం కాదు. ఆ రోజు అతను మీటింగుకు పోయిందే వాటిని తిట్టడానికి.

అతనికి కొండ కింద నాలుగెకరాల చేను ఉంది. వాన పడితే శనక్కాయ వేస్తాడు. పండినదాంట్లో అతని వాటా ఎంత, కొండ దిగి వచ్చే పందుల వాటా ఎంత అన్నది పందులే తేలుస్తాయి. పోయినేడు అవి కాస్త దయతలచి సగం వదిలిపెట్టాయి. అంతకు ముందటేడు ఆ మర్యాద కూడా పాటించలేదు. దీనికి తోడు ఊరి చెరువు. వంక నుంచి చెరువులోకి నీళ్ళు తెచ్చే కాలువ పూడిపోయి చాలా ఏళ్ళయింది. వాన పడ్డా నీళ్ళు చెరువు మొగం చూడకుండా వంక వెంటే పక్క మండలానికి పోతున్నాయి. చెరువు నిండక బోర్లు ఎండుతున్నాయి. కాలువ తవ్వించమని రైతులు అడగని ఆఫీసు లేదు. ప్రతి ఆఫీసూ వాళ్ళ మాట శ్రద్ధగా విని, అది ఏ ఆఫీసు పనో చెప్పి పంపేది.

ఇట్లా ఉండగా ఆ వేసవిలో ఊరికి 'సమగ్ర సహభాగస్వామ్య భూ జల వన్యప్రాణి సంరక్షణ పథకం' వచ్చింది. ఆ పేరు రాసిన బ్యానరుకు పంచాయతీ ఆఫీసు గోడ చాలక, చివరి రెండు మాటలు పక్కింటి గోడమీదికి పాకాయి. పక్కింటి అంజినమ్మ అభ్యంతరం చెప్పలేదు. గోడకు ఎండ తగలకుండా ఉంది, ఇంకో రెండు మాటలుంటే అవీ కట్టుకొమ్మంది.

పథకంతో పాటు దాని అధికారి సుధాంశుమూర్తి కూడా వచ్చాడు. మనిషి మంచివాడు. ఎవరినీ కసురుకోడు, ఎవరి దగ్గరా చాయ్ కూడా తాగడు. అయితే ఏ సంగతినీ పొట్టిగా చెప్పడం ఆయనకు చేతకాదు. దప్పికైతే నీళ్ళు అడగడానికి బదులు జలసంబంధమైన ఆవశ్యకత ఏర్పడిందనే రకం. మొదటి మీటింగులో ఊరి జనాన్ని చాపల మీద కూర్చోబెట్టి, ఎదురుగా ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, మెత్తగా మొదలుపెట్టాడు.

"ఈ భూమి ఎవరిది అని మిమ్మల్ని అడుగుతున్నాను."

"రెండెకరాలు నాది సార్" అంది అంజినమ్మ. "ఆపక్కది మా మరిదిది. గట్టు కాడ ఒక అడుగు జరిపినాడు, అది గూడా నాదే."

సుధాంశుమూర్తి చిరునవ్వు నవ్వాడు. "భూమి సమస్త భాగస్వామ్యపక్షాలదీ అమ్మా. మీరు ఒక పక్షం. వన్యప్రాణులు ఇంకొక పక్షం. ఇంతకాలం వాటిని సంప్రదించకుండానే వాటి గురించిన నిర్ణయాలు జరిగిపోయాయి. ఇది చారిత్రక అన్యాయం. అందువల్ల మార్గదర్శకాల ప్రకారం కమిటీలో నాలుగు స్థానాలు రైతులకు, నాలుగు స్థానాలు వన్యప్రాణులకు. రెండు పక్షాలూ హాజరైతేనే సమావేశం చెల్లుబాటు అవుతుంది."

ఊరు కాసేపు కుర్చీల వైపు చూసింది. ఎర్రిస్వామి అనే రైతు చెయ్యెత్తాడు. అతని చేను వన్నూరప్ప చేనుకు ఆనుకునే ఉంటుంది. "వాటిని ఎవరు పిలుచుకోని వస్తారు సార్?" అని అడిగాడు.

"స్వయంగా రానవసరం లేదు. వాటి దృక్పథాన్ని ఆకళింపు చేసుకున్న మానవ ప్రతినిధి చాలు."

వన్నూరప్పకు అప్పటికే ఒళ్ళు మండుతోంది. పందుల సంగతి తేలుస్తారని వస్తే ఈయనెవరో పందులకు కుర్చీలు వేస్తున్నాడు. లేచి నిలబడి మొదలుపెట్టాడు. అవి ఏ పక్కనుంచి దిగుతాయి, ముందు ముసలి ఆడపంది వచ్చి గాలి ఎట్లా పసిగడుతుంది, వెనక సంసారమంతా ఎట్లా వరసగా వస్తుంది, కాయ పాలుపోసుకున్నప్పుడు వదిలిపెట్టి సరిగ్గా గట్టిపడే వారం చూసి ఎట్లా దిగుతాయి, డబ్బా కొడితే మొదటిరోజు ఉరికి రెండోరోజు తలెత్తి చూసి మూడోరోజు ఆ చప్పుడుకు తగ్గట్టు ఎట్లా నములుతాయి, అన్నీ చెప్పాడు. చెప్పేకొద్దీ కోపం పెరిగింది. కోపం పెరిగేకొద్దీ వివరాలు ఊరాయి. ఆఖరికి ఊపిరి తీసుకోవడానికి ఆగి చూస్తే సుధాంశుమూర్తి కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"నా ఉద్యోగ జీవితంలో వరాహ వర్గాన్ని ఇంత లోతుగా అర్థం చేసుకున్న వ్యక్తిని చూడలేదు" అన్నాడాయన. వచ్చి వన్నూరప్ప చేయి పట్టుకుని నడిపించుకుపోయి అయిదో కుర్చీలో కూర్చోబెట్టాడు.

ఇంటికి పోయి చెప్పేసరికి భార్య సుంకమ్మ రాగిసంగటి కెలుకుతోంది. కెలకడం ఆపలేదు.

"పందుల తరపునా?"

"ఊ."

"నా తరపున మీ అమ్మతో ఒక్క మాట మాట్లాడు మామా అంటే పెండ్లయినకాడ్నుంచి నోరు తెరవకపోతివి. పందులకైతే తెరిచినావా."

వన్నూరప్ప చేతులు కడుక్కుని కూర్చున్నాడు. ఆ పదవి వద్దని మర్నాడే చెప్పి వచ్చేద్దామనుకున్నాడు. పోయి చెప్పాడు కూడా. నిరాకరణ కూడా పందుల పక్షాన చేసిన ప్రకటన కిందికే వస్తుందనీ, దానిని ఆమోదించాలంటే మిగిలిన మూడు జాతుల సమ్మతి కావాలనీ, ఆ కుర్చీలు ఇంకా ఖాళీగా ఉన్నాయనీ సుధాంశుమూర్తి వివరించాడు. వినేసరికి మధ్యాహ్నమయింది. అంతకన్నా పందిగా ఉండటమే సులువనిపించింది వన్నూరప్పకు.

రెండో మీటింగు నాటికి కుర్చీలన్నీ నిండాయి. రైతుల కుర్చీలకు ఎర్రిస్వామి, అంజినమ్మ, ఇంకో ఇద్దరు వచ్చారు. జింకలకు, నెమళ్ళకు, తాబేళ్ళకు ఊళ్ళో పనీపాటా లేని ముగ్గురిని చూసి కూర్చోబెట్టారు. మొదటి అంశం చెరువు కాలువ.

ఎర్రిస్వామి లేచి చేతులు కట్టుకుని చెప్పాడు. కాలువ పూడిపోయింది, చెరువు ఎండిపోయింది, ఈ వానలకు ముందే తవ్వకపోతే ఈసారి తాగడానికి కూడా బోరు రాదు. ఆ ఎండాకాలమే అతని బోరు ఆగిపోయింది.

సుధాంశుమూర్తి సానుభూతితో తలాడించాడు. "రైతు సోదరుల ఆకాంక్షలను నమోదు చేసుకున్నాం. సాంకేతిక సాధ్యాసాధ్యాల పరిశీలన నిమిత్తం తగు స్థాయికి నివేదిస్తాం. ఓపిక పట్టాలి." తరువాత కుర్చీ ఇటు తిప్పాడు. "ఈ విషయమై వరాహ వర్గం అభిప్రాయం?"

వన్నూరప్ప అప్పుడే కునుకు నుంచి తేరుకున్నాడు. ఎదురుగా ఎర్రిస్వామి మొగం వేలాడేసుకుని కూర్చుంటున్నాడు. ఆ మొగం చూసి ఏదో ఒకటి అనాలనిపించింది.

"బురద లేదు సార్" అన్నాడు.

సుధాంశుమూర్తి పెన్ను మూత తీశాడు. "కొనసాగించండి."

"పందికి బురద కావల్ల కదా సార్. చెరువులో నీళ్ళుంటేనే అంచున బురద. బురదలో పొర్లకపోతే ఒళ్ళంతా నెత్తురు తాగే గోమార్లు పట్టి, ఎండదెబ్బ తగిలి అల్లాడతాండాయి. పోయిన వారం ఒక చూడిపంది చెరువు నడుమ నిలబడి అట్లే చూస్తా ఉండాది. నాకే బాధైంది." చివరిది అబద్ధం. చూడిపంది అక్కడ నిలబడ్డ మాట నిజమే గానీ అతను ఆ సమయంలో బాధపడలేదు, రాయి విసిరాడు.

"ఇది ఆవాస సంక్షోభం" అన్నాడు సుధాంశుమూర్తి నెమ్మదిగా. అక్కడికక్కడే ఫోను తీసి ఎవరికో చెప్పాడు. వారం తిరగకముందే రెండు జేసీబీలు వచ్చి వంక దగ్గర్నుంచి చెరువుదాకా కాలువను ఒంపులతో సహా తవ్వి పోయాయి. కొత్త కాలువ మొదట్లో 'వరాహ పంక స్నాన సౌకర్య జలమార్గం' అని బోర్డు పెట్టారు. మొదటి వానకే చెరువులోకి మోకాలిలోతు నీళ్ళు చేరాయి. ఊరంతా పోయి కట్ట మీద నిలబడి చూసింది. ఎర్రిస్వామి నీళ్ళ వైపు ఒకసారి, బోర్డు వైపు ఒకసారి చూసి, "ఇన్నేండ్లు మనం అడిగే పద్ధతే తప్పు అన్నా" అన్నాడు.

ఆ వానకు వన్నూరప్ప విత్తనం వేశాడు. చేను పచ్చగా లేచింది. కాయ దిగే సమయం దగ్గరపడుతుండగా సుంకమ్మ పాత చీరలన్నీ పోగుచేసి, ఇరుగుపొరుగు దగ్గర ఇంకొన్ని అడుక్కుని, చేను చుట్టూ గుంజలు పాతి కట్టింది. గాలికి చీరలు ఆడుతుంటే మనుషులున్నారనుకుని పందులు వెనక్కు పోతాయని ఆ ప్రాంతంలో అందరూ చేసేదే. కానీ అటుగా వచ్చిన సుధాంశుమూర్తి జీపు ఆ చీరల దగ్గర ఆగింది. మూడో మీటింగుకు అదొక్కటే అంశమయింది.

"ఇది చాలా సున్నితమైన పరిస్థితి" అన్నాడాయన. "రైతు వన్నూరప్ప కంచె కట్టాడు. ఆ కంచె వల్ల నష్టపోయే పక్షానికి ప్రతినిధి వన్నూరప్ప. సహజ న్యాయం ప్రకారం ఇరుపక్షాల వాదనా వినాలి. ముందు రైతు స్థానంలో కూర్చుని వాదించండి."

అంజినమ్మ తన కుర్చీ ఖాళీ చేసి ఇచ్చింది. వన్నూరప్ప అందులో కూర్చున్నాడు. కూర్చున్నవాడు నిజంగానే రైతులా మాట్లాడాడు. "సార్, నాలుగెకరాల్లో పెట్టినదంతా దాంట్లోనే పెట్టినా. పోయినేడు సగం పోయింది. ఈసారి గూడా పోతే మా ఆడామె, నేను కూలికి ఊరిడిసిపెట్టి పోవాల్సిందే. పాత చీరలు సార్ అవి. ఎవురికీ దెబ్బ తగల్దు." ఇంతకాలం ఇంట్లో కూడా ఇంత తిన్నగా చెప్పుకోలేదు.

సుధాంశుమూర్తి గోడమీది బల్లిని చూస్తున్నాడు. "నమోదు చేసుకున్నాం. ఇక ప్రతివాద పక్షం."

వన్నూరప్ప లేచి నాలుగడుగులు నడిచి పందుల కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ మారేసరికి సుధాంశుమూర్తి వెన్ను నిటారుగా అయింది. పెన్ను మూత ఊడింది. అది చూశాక వన్నూరప్పకు సంగతి పూర్తిగా తలకెక్కింది. ఈ కుర్చీలో కూర్చుని చీరలు ఉంచమంటే పదవి పోతుంది. తీసేయమంటే పంట పోతుంది. ఎదురు చాప మీద సుంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అతనినే చూస్తోంది.

"చీరలు తీసేయాల్సిందే సార్" అన్నాడు. సుంకమ్మ కొంగు జారింది. "పందులకు అది అవమానం. పైగా అన్నీ చిరిగిన చీరలు. అయితే సార్, అవి ఇంకో మాట గూడా అంటాండాయి. అసలు కొండ దిగి ఇంత దూరం తిండికి రావడమే వాటికి తలవంపులు. సొంతింట్లో తినడానికి లేక ఎదురింటికి పొయ్యేది ఎవురికి బాగుంటాది? కొండ పల్లాల్లో గెణుసుగడ్డ తీగలు నాటి, నాలుగు నీటిగుంటలు తవ్వి, రేగు, సీతాఫలం పెట్టిస్తే మా మొగాలు గూడా చూడవు. ఇంకొకటి. మనుషులు కట్టెపుల్లలకని నేరుగా వాటి ఇండ్లల్లోకే పోతాండారు. ఈనిన పందులుంటాయి, పిల్లలుంటాయి. కొండకూ చేన్లకూ నడుమ లోతుగా ఒక కందకం తవ్వితే వాటి సంసారం వాటిది, మా సంసారం మాది."

"స్థానిక ఆహార స్వావలంబన" అన్నాడు సుధాంశుమూర్తి. "కుటుంబ ఏకాంత హక్కు." ఆ రెండు మాటలూ రాసుకుని కింద గీతలు గీశాడు. రైతు వన్నూరప్ప వాదన తోసిపుచ్చి, పందుల వాదనను సంపూర్ణంగా అంగీకరిస్తూ అప్పుడే నిర్ణయం చదివాడు.

ఇంటికి పోయే దారిలో సుంకమ్మ "ఇప్పుడు మనం గెల్చినామా ఓడినామా మామా?" అని అడిగింది.

"నేను ఓడినా మే. పందులు గెల్చినాయి. చేను దక్కుతాదనుకుంటా."

కాయ గట్టిపడేలోపే కందకం వచ్చింది. వాన పడితే కొండ మీది నీళ్ళు అందులో నిలిచి కింది బోర్లలోకి ఇంకడం మొదలైంది. అది ఎవరూ అడగని లాభం. కొండమీద నాటిన గెణుసుగడ్డ తీగలను పందులు మర్నాడే పెకలించి తిన్నాయి. లబ్ధిదారులు పథకాన్ని ఇంత వేగంగా వినియోగించుకోవడం రాష్ట్రంలో ఇదే ప్రథమమని సుధాంశుమూర్తి పైకి రాసి, ఇంకో లారీ తీగలు తెప్పించి నాటించాడు. పందులకు కొండమీదే చేతినిండా పని దొరికింది. ఆ ఏడు వన్నూరప్ప చేన్లో దిగినవి ఒకటీ అరా తప్ప లేవు. మూటలు ఇంట్లో వేసిన రోజు సుంకమ్మ గుప్పెడు పచ్చికాయలు ఉడకబెట్టి ముందు కొండ వైపు చూపించి, తరువాత మొగుడికి పెట్టింది.

ఇదంతా చూశాక ఊళ్ళో మనిషిగా ఉండదలచుకున్నవాడు లేకుండా పోయాడు.

ముందుగా ఎర్రిస్వామి రైతు కుర్చీకి రాజీనామా ఇచ్చి కప్పల తరఫున దరఖాస్తు పెట్టుకున్నాడు. కప్పలకు ప్రతి చేన్లోనూ ఒక నీటికుంట కావాలన్నాడు. వచ్చాయి. పాత ప్రతినిధిని లేపి అంజినమ్మ నెమళ్ళలోకి మారింది. ఆమె చేను మీద కరెంటు తీగ చేతికందేంత కిందికి వేలాడుతూ ఉండేది. మనుషులకు తగులుతుందని ఆమె ఎన్నేళ్ళు చెప్పినా రానివాళ్ళు, నెమలి తోకకు తగులుతుందనగానే నిచ్చెనలతో వచ్చారు. వానపాముల తరఫున ఒకాయన ఊరికంతా పేడ ఎరువు గుంతలు కట్టించాడు. బడికి మరుగుదొడ్డి తెచ్చింది గబ్బిలాలు. పాత దాంట్లో అవి కాపురముంటున్నాయనీ, పిల్లలు వేళాపాళా లేకుండా లోపలికి వచ్చి వాటి నిద్ర చెడగొడుతున్నారనీ వాటి ప్రతినిధి వాపోగా, పిల్లలకు వేరే కొత్తది కట్టించారు.

ప్రాణుల కుర్చీలు నాలుగు సరిపోక ఎనిమిదయ్యాయి, ఎనిమిది పన్నెండయ్యాయి. కొత్త కుర్చీ పడ్డప్పుడల్లా సుధాంశుమూర్తి పైకి నివేదిక పంపేవాడు. ముద్దలకుంటలో జీవవైవిధ్యం ఒక్క ఏడాదిలో మూడింతలయిందని ఆ నివేదికలు చదివి కమిషనర్ గారు ఆశ్చర్యపోయారు. ఆ అద్భుతాన్ని కళ్ళారా చూడటానికి స్వయంగా వస్తున్నానని కబురు చేశారు.

అప్పుడు బయటపడింది అసలు చిక్కు. రైతుల కుర్చీలు నాలుగూ ఖాళీ. అవి నిండకపోతే మీటింగు చెల్లదు. మీటింగు చెల్లకపోతే కమిషనర్ గారు అధికారికంగా అక్కడికి రానట్టే లెక్క.

సుధాంశుమూర్తి ఇంటింటికీ తిరిగాడు. "ఒక్క పూట రైతుగా కూర్చో ఎర్రిస్వామీ" అని బతిమాలాడు.

"కూర్చుంటా సార్. మళ్ళీ కప్పల్లోకి రానిస్తారా?"

"మార్గదర్శకాల ప్రకారం ఒకసారి పక్షం మారితే..."

"అయితే వద్దు సార్. ఇప్పుడిప్పుడే నా మాట నలుగురు వింటాండారు."

ఎవరిని అడిగినా అదే మాట. చివరికి కమిషనర్ గారి కారు ఊరి పొలిమేరకు వచ్చేసరికి సుధాంశుమూర్తి తన జీపు డ్రైవరును, గుమాస్తాను, వీడియో తీయడానికి వచ్చినాయనను వరసగా రైతుల కుర్చీల్లో కూర్చోబెట్టాడు. నాలుగో కుర్చీకి మనిషి దొరకలేదు. వన్నూరప్ప భుజం మీది తువాలు అడిగి తీసుకుని తలకు చుట్టుకుని తనే కూర్చున్నాడు.

కమిషనర్ గారు ఆయనను ఎప్పుడూ ఫోను తెర మీద తప్ప చూడలేదు. తలపాగాతో అసలే గుర్తుపట్టలేదు. ఆమె ప్రాణులన్నిటినీ పేరుపేరునా పలకరించి, ఒక్కొక్కరి మాటా చెవొగ్గి విని, అడిగినవన్నీ మంజూరు చేసి, ఆఖరున రైతుల వైపు తిరిగారు. గుమాస్తా, డ్రైవరు, వీడియో ఆయన దండం పెట్టి ఊరుకున్నారు. సుధాంశుమూర్తి లేచాడు. చెప్పడానికి ఆయనకు నిజంగానే ఒక సంగతి ఉంది. కందకం ఉత్తరం వైపు కొంత మిగిలిపోయింది. అక్కడినుంచి పందులు దిగుతున్నాయి. దాని గురించి ఆయన రాసిన ఉత్తరాలకు పైనుంచి జవాబు లేదు.

"మేడం, ఉత్తర దిశలో కందకం అసంపూర్తిగా ఉండటం వలన..."

"రైతు సోదరుల ఆకాంక్షలను నమోదు చేసుకున్నాం" అన్నారు కమిషనర్ గారు సానుభూతితో. "తగు స్థాయికి నివేదిస్తాం. ఓపిక పట్టాలి."

సుధాంశుమూర్తి ఆ మాటలు ఎన్నిసార్లు అన్నాడో ఆయనకే తెలియదు. వినడం అదే మొదటిసారి. మెల్లగా కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఆ కూర్చోవడం చూసి వన్నూరప్పకు జాలేసింది. ఆ రకంగా కూర్చోవడం ఎట్లా ఉంటుందో అతనికి బాగా తెలుసు. లేచి గొంతు సవరించుకున్నాడు.

"మేడం, పందులు గూడా అదే మాట అంటాండాయి. ఉత్తరం పక్క తలుపు లేని ఇల్లు మాదిరి ఉండాదంట. పిల్లలకు చలి పెడతాందంట."

కందకం అక్కడికక్కడే మంజూరయింది.

ఆ సాయంత్రం కారు పోయాక సుధాంశుమూర్తి తువాలు మడిచి తిరిగిచ్చాడు. ఇచ్చి పోలేదు. అక్కడే నిలబడి చెప్పుతో నేల మీద గీస్తున్నాడు.

"వన్నూరప్పా, ఒక సంగతి. మా ఆవిడది విజయనగరంలో టీచరు ఉద్యోగం. నేను ఇక్కడ, ఆమె అక్కడ. పెళ్ళయినప్పటి నుంచీ ఇంతే. బదిలీ కోసం నేను పెట్టుకున్న అర్జీలన్నీ..." అని ఆగాడు. ఆయన నోట అంత పొట్టి మాటలు వన్నూరప్ప ఎప్పుడూ వినలేదు. "పందులకు నా వల్ల ఏమైనా ఇబ్బంది ఉందేమో ఒకసారి కనుక్కుంటావా?"

వన్నూరప్ప నవ్వు ఆపుకుని గంభీరంగా తలూపాడు. "రేపు కనుక్కోని చెప్తా సార్."

తరువాతి మీటింగులో పందుల ఫిర్యాదు పెద్దదే వచ్చింది. సుధాంశుమూర్తి సారు చాలా మంచివాడని అవి ఒప్పుకున్నాయి. కానీ ఆయన జీపు చప్పుడు వినబడితే చూడిపందులు బెదిరిపోతున్నాయి. ఆయన వాసన గాలిలో చాలా దూరం వస్తోంది. ఈ జిల్లాలో ఆయన ఏ మూల ఉన్నా వాటికి కంటి మీద కునుకు ఉండదు. ఉత్తరాన, సముద్రం దగ్గర, వీలైతే విజయనగరం ప్రాంతంలో ఆయన్ను ఉంచితే వాటి ఆరోగ్యానికి మేలు. ఆ మాట పూర్తికాగానే కప్పలు బలపరిచాయి. నెమళ్ళ తరఫున అంజినమ్మ, ఆ సారు తన భార్య చేతి అన్నం తింటే తప్ప నెమళ్ళు ఊరుకోవని ఒక సవరణ కూడా చేసింది. పది రోజుల్లో వరాహ వర్గ విశాల ప్రయోజనాల దృష్ట్యా బదిలీ ఉత్తర్వు వచ్చింది.

పోయే రోజు ఊరంతా వచ్చి దండలు వేసింది. జీపు ఎక్కబోతూ సుధాంశుమూర్తి వన్నూరప్పను పక్కకు పిలిచాడు.

"నిజం చెప్పు. ఆ పందులు నీతో ఎప్పుడైనా..."

"అవి నాతో ఏం మాట్లాడతాయి సార్. నన్ను చూస్తే ఉరుకుతాయి."

"మరి ఇంతకాలం ఎవరి తరఫున మాట్లాడావు?"

వన్నూరప్ప కొంచెం ఆలోచించాడు. "మీరు ఎవురి మాట వింటారో వాళ్ళ తరపున సార్."

సుధాంశుమూర్తి ఏదో అనబోయి, ఈసారి ఏమీ నమోదు చేసుకోకుండా అతని భుజం తట్టి జీపెక్కాడు.

ఆయన స్థానంలో హేమలత అనే కొత్త అధికారిణి వచ్చింది. చిన్న వయసు, చురుకైన మనిషి. మొదటి మీటింగుకు నడుం పట్టుకుని కారు దిగింది. మండలం నుంచి ముద్దలకుంటకు దారి పొడుగునా రాళ్ళే. దిగినా ఉత్సాహం తగ్గలేదు. పాత బ్యానరు తీయించి ఇంకా పొడుగుది కట్టించి, కుర్చీల్లో కూర్చున్న ప్రాణులన్నిటినీ కిందికి దిగమంది.

"వన్యప్రాణుల దశ ముగిసింది. ప్రాణం ఉన్నవాటికి ప్రాధాన్యం ఇచ్చి, లేనివాటిని విస్మరించడం ఒక రకమైన వివక్ష. కొత్త మార్గదర్శకాల ప్రకారం ఇకమీదట కమిటీలో నిర్జీవ ప్రకృతికే ప్రాతినిధ్యం. మొట్టమొదటగా శిలలు. ఈ ప్రాంతపు శిలల అంతరంగం తెలిసినవారు ఎవరైనా ఉన్నారా?"

ఊరు గతుక్కుమంది. వన్నూరప్ప లేచి వచ్చి చాప మీద ఎర్రిస్వామి పక్కన కూర్చున్నాడు. ఏడాదిన్నర కూర్చున్న కుర్చీ ఖాళీగా కనబడుతుంటే అతనికి మనసులో కలుక్కుమంది. రాళ్ళ గురించి ఒక్క ముక్కయినా తడుతుందేమోనని కళ్ళు మూసుకుని ఆలోచించాడు. రాయి అంటే పందికి విసిరేది అనే తప్ప ఏమీ తట్టలేదు. కళ్ళు తెరిచేసరికి ఆడవాళ్ళ వైపు నుంచి సుంకమ్మ లేచి నిలబడి ఉంది.

"నాకు తెలుసమ్మా" అంది. "కాపురానికొచ్చినకాడ్నుంచి చేన్లో రాళ్ళు ఏరేది నేనే. ఒక్కో రాయి నా చేతిలోకి ఎన్నిసార్లు వచ్చిందో."

హేమలత ముచ్చటపడిపోయింది. లేచి ఎదురొచ్చి సుంకమ్మను చేయి పట్టుకుని నడిపించుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టింది. సుంకమ్మ కొంగు సర్దుకుంది. కుర్చీ చేతుల మీద చేతులు వేసి, అది గట్టిగానే ఉందని చూసుకుని, నింపాదిగా ఊరి వైపు తిరిగింది.

"అక్కా" అని చాప మీదినుంచి గుసగుసగా పిలవబోయిన ఎర్రిస్వామి భార్యను చేత్తో వారించి, వన్నూరప్ప వైపు ఒకసారి చూసి, అధికారిణితో అంది.

"రాళ్ళు చానా బాధ పడతాండాయమ్మా. మండలం నుంచి ఇక్కడిదాకా దోవ పొడుగునా పండుకోని ఉంటాయి. పొయ్యేవాళ్ళు వచ్చేవాళ్ళు, బండ్లు, ఆటోలు, అందరూ వాటిని తొక్కుకుంటానే పోతాండారు. ఎండకు ఎండి, వానకు తడిసి, ఒంటి మీద గుడ్డపేలిక గూడా లేదు. వాటి మీద నల్లంగా, మెత్తంగా, మందంగా ఏదన్నా ఒక దుప్పటి కప్పిస్తే..."

హేమలత పెన్ను మూత తీసింది.

"ఎంత పొడుగు దుప్పటి కావాలమ్మా?"

"మండలం దాకా" అంది సుంకమ్మ. "అంచులు గూడా కొంచెం ఎడంగా ఉంటే రెండు బస్సులు... రెండు రాళ్ళు పక్కపక్కన పడుకునేదానికి బాగుంటాది."